జనరల్ వంతెన మీద ఆగిన బస్సు

బస్సు వంతెన సగం దాటి ఆగిపోయింది. ముందు కమాను మీది అక్షరాలు కోసి దించుతున్నారట, క్రేను అడ్డంగా పెట్టారట, గంటైనా పడుతుందని కండక్టరు చెప్పి, మాకేదో మేలు చేసినట్టు మొహం పెట్టి, దిగి రెయిలింగుకు ఆనుకుని నిలబడ్డాడు. ఆగేది ఎక్కడైనా ఆగొచ్చు, మార్కెట్ ముందు ఆగొచ్చు, ఆసుపత్రి మలుపులో ఆగొచ్చు, సరిగ్గా ఇక్కడే ఆగాలా. నా ముందు సీట్లో కిటికీ పక్కన మా చెల్లెలు, దాని పక్కన దాని కొడుకు. నాకు కనిపించేది నా మేనల్లుడి మెడ వెనక భాగం ఒక్కటే. ముప్పై నాలుగేళ్లకే సగం నెరిసిన జుట్టు, కాలరు లోపలి నుంచి చెవి వెనక దాకా పాకిన పాత గాయం గీత. ఆఫీసు మెట్లు దిగినప్పటి నుంచి వాడు నోరు మెదపలేదు. టిక్కెట్లు కూడా వాళ్లమ్మే అడిగింది. వాడి చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది, మెట్లు దిగుతుండగా చూశాను, పల్చని గుడ్డలోంచి దాని అంచు కనిపించింది. అందులో ఏముందో నాకు తెలుసు. అది ఎవరు రాశారో వాడికి తెలిసిందా లేదా అన్నదే నాకు తెలియాలి.

రాకుండా ఉండాల్సింది. కాని ఎలా మానడం. ప్రభుత్వం మారింది, జనరల్ గొడవలో జైలుకు పోయినవాళ్లు ఎవరి ఫైలు వాళ్లు వచ్చి చూసుకోవచ్చని పేపర్లో వేశారు. మర్నాడు పొద్దున్నే మా చెల్లెలు నా గుమ్మంలో ఉంది. "నువ్వు తోడు రా అన్నయ్యా. పెద్దవాడివి. ఆఫీసుల్లో ఎలా మాట్లాడాలో నీకే తెలుసు." ఒంట్లో బాగోలేదంటే అది మందు తెచ్చి నోట్లో పోసి మరీ తీసుకెళ్లే రకం. పైగా రాకపోతే వాడేమనుకుంటాడు. కాబట్టి వచ్చాను. ఫైళ్ల గదిలోకి వాడొక్కణ్ణే రానిచ్చారు. తలుపు మూసే ముందు గుమస్తా మా ముగ్గురికీ వినబడేలా చెప్పాడు, "పట్టించినవాళ్ల పేర్లు మాత్రం కనపడవండి. నల్ల సిరా పూసేశాం. మళ్లీ ఊళ్లో తలకాయలు పగలకూడదు కదా." నాకు ప్రాణం లేచొచ్చింది. బెంచీ మీద వెనక్కి వాలి కాళ్లు కూడా చాపుకున్నాను. మా చెల్లెలు సంచీలోంచి నీళ్ల సీసా తీసి నాకిచ్చింది. సీసా మూత తిప్పుతూ ఉండగా తట్టింది నాకు. పేరుకు సిరా పూశారు సరే, రాతకు పూయలేరు కదా. ఆ కాగితం ఎవరు రాశారు, పోలీస్ స్టేషన్ రైటరా, నేనా? రైటరే రాసి నాచేత సంతకం పెట్టించాడేమో. పదకొండేళ్లయింది, అన్నీ ఎక్కడ గుర్తుంటాయి. అలా నలభై నిమిషాలు నాకు నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను. గుర్తులేదన్నది అబద్ధం. ఆ కాగితం మీద ఎడమ వైపు ఎంత మార్జిన్ వదిలానో కూడా నాకు గుర్తుంది.

కమాను మీద గ్యాసు మంట నీలంగా వెలిగింది, నిప్పురవ్వలు రాలుతున్నాయి. ఒక్కో అక్షరం మనిషి ఎత్తు. అవి నావే. దుకాణం నేల మీద కాగితాలు అతికించి, మోకాళ్ల మీద పాకుతూ, సుద్ద పూసిన దారం లాగి కొట్టి, వరస తప్పకుండా గీసిచ్చాను, వెల్డింగ్ షెడ్డు వాళ్లు ఇనుములో కోశారు. ఈ ఊళ్లో అంత పెద్ద అక్షరం ఎవడూ గీయలేదు. ఇప్పుడు కోస్తున్నవాడు ఎక్కడ కోయాలో తెలియక అక్షరం నడుముకు పెట్టాడు మంట. వెధవ, కింద బిగింపులున్నాయి, అవి తీస్తే చక్కగా ఊడొస్తుంది. చెబుదామని నోటిదాకా వచ్చింది. ముందు సీట్లో మేనల్లుడి మెడ చూసి ఊరుకున్నాను.

బావ పోయాక మేనల్లుడు మా బోర్డులు రాసే దుకాణానికి వచ్చాడు, అప్పటికి పద్దెనిమిది నిండాయి. బ్రష్షు ఎలా కడగాలో, డబ్బాలో పెయింటు ఎంత పల్చన చేయాలో, నిచ్చెన మీద ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో అన్నీ నేనే నేర్పాను. అప్పటికే నత్త అని ఇంకొకడు నా దగ్గర పని నేర్చుకుంటూ ఉండేవాడు, ఒక్క అక్షరానికి అరపూట తీసుకునేవాడని ఆ పేరు. నత్త నేను చెప్పింది చెప్పినట్టు రాసేవాడు. వీడూ రెండేళ్లు అలాగే రాశాడు. మూడో ఏడు ఒక బట్టలకొట్టు బోర్డులో వీడు వేసిన కొమ్ము చూసి నేను నిచ్చెన కింద అలాగే నిలబడిపోయాను. కొమ్ము చివర బ్రష్షు ఎత్తేయకుండా, వేళ్ల మధ్య మెల్లిగా తిప్పాడు. గీత సన్నబడి సన్నబడి వెంట్రుకంతై ఆగింది. నేను నేర్పింది కాదు అది. "ఎక్కడ నేర్చావురా?" అంటే "తెలీదు మామయ్యా, చెయ్యి దానంతటదే తిరిగింది" అన్నాడు. దానంతటదే తిరిగిందట. దుకాణం తలుపు లోపల గడియ పెట్టుకుని నాలుగు నెలలు ప్రయత్నించాను. నాకు చివర్లో బొట్టు పడేది. ఎప్పుడూ బొట్టే. బయట వీడు ఈల వేసుకుంటూ బ్రష్షులు కడుగుతుండేవాడు. ఆ ఈల వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. వచ్చినవాళ్లు కూడా, నా కస్టమర్లు, నా దుకాణంలో నా కుర్చీలో కూర్చుని, "అబ్బాయి చేత రాయించండి" అనడం మొదలుపెట్టారు. అబ్బాయి చేత. నేను నవ్వేవాణ్ణి. "మనవాడే కదండీ, నా చేతికింద పెరిగినవాడు" అనేవాణ్ణి. మా చెల్లెలు పక్కన నిలబడి మురిసిపోయేది. ఇదంతా నీ చలవే అన్నయ్యా అనేది.

వెనక సీట్లో గొడుగు పట్టుకున్న పెద్దాయన, చంటిపిల్ల తల్లి ఒకావిడ వాదించుకుంటున్నారు.

"తీసెయ్యాల్సిందే లెండి. స్టేడియంలో నిలబెట్టి కాల్పించాడట కదా జనాన్ని."

"కాల్పిస్తే వాళ్ల దేశంలో కాల్పించుకున్నాడు. మనకు వంతెన కట్టించాడా లేదా? పడవ కోసం ఒడ్డున ఎంతసేపు నిలబడేవాళ్లమో నీకేం తెలుసమ్మా."

"అందుకని హంతకుడి పేరు పెట్టుకుంటామా?"

"ఇప్పుడు పెట్టబోయేది మాత్రం ఏ పుణ్యాత్ముడిది? ఎవడు కుర్చీలో ఉంటే వాడి తాత పేరు."

హంతకుడు అన్న మాటకు నా మేనల్లుడి మెడ కదల్లేదు. మా చెల్లెలు మాత్రం వెనక్కి తిరిగి ఆ పెద్దాయన్ని కొరకొరా చూసింది. నా వైపు చూసినప్పుడు దాని మొహం మెత్తబడింది, "ఆకలేస్తోందా అన్నయ్యా?" అంది. లేదన్నాను. ఈ ప్రపంచంలో దానికి నేనంటే ఉన్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు, సొంత కొడుకు మీద కూడా. చిన్నప్పుడు నేను గోడ మీంచి దూకమంటే దూకి కాలు విరగ్గొట్టుకుంది. పడిపోయానని ఇంట్లో చెప్పింది గాని నేను దూకమన్నానని చెప్పలేదు.

పదకొండేళ్ల కిందట, వంతెనకు డబ్బిచ్చిన పరాయి దేశపు జనరల్ వస్తున్నాడని, దానికి ఆయన పేరే పెడుతున్నారని తెలిసిన వారంలో మున్సిపాలిటీ నుంచి ఆఫీసరు వచ్చాడు. మచ్చుకు పేరు రాసి చూపించమన్నాడు. నేనొకటి రాశాను, సరదాకు మేనల్లుణ్ణీ ఒకటి రాయమన్నాను. ఆఫీసరు నా వైపు చూడను కూడా లేదు. "ఇది, ఈ అబ్బాయిది పెట్టండి" అని వెళ్లిపోయాడు. ఆ వారమే వీడు ఎవరి దగ్గరో ఏవో పత్రికలు చదివాడు, ఆ జనరల్ ఏం చేశాడో, ఎవరిని చంపించాడో. దుకాణానికి వచ్చి బ్రష్షు బల్ల మీద పెట్టి, "ఈ పేరు నేను రాయను మామయ్యా" అన్నాడు. "పేరు రాస్తే పాపం అంటుకుంటుందా? మనం అక్షరాలు రాసేవాళ్లం. అర్థాలతో మనకేం పని?" అన్నాను. "నాకుంది" అన్నాడు. సరే, వంతెన మొదట్లో పెట్టే బోర్డు నేనే రాశాను. లోపల ఎంత సంతోషించానో చెప్పలేను. వాడి మూర్ఖత్వం వల్ల నా అక్షరం వంతెనకెక్కింది. జనరల్ వచ్చాడు, పొట్టివాడు, చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుంటూ నా బోర్డు మీది తెర లాగాడు, చప్పట్లు కొట్టారు, పోయాడు. నాలుగో రోజు తెల్లవారేసరికి నా అక్షరాల మీద తెల్లరంగు వేసి ఉంది. దాని మీద నల్లగా, కొత్తగా, ఇంకా తడి ఆరని అక్షరాలు. 'హంతకుడి వంతెన.'

పోలీసులు చుట్టుముట్టకముందే నేను వెళ్లి చూశాను. పాలవాళ్లు, సైకిళ్ల మీద ఫ్యాక్టరీకి పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. భయపడుతున్నారు, నవ్వుకుంటున్నారు, అదంతా సరే. కాని ఒకడు, సైకిల్ మీద ఒక కాలు నేలకు ఆనించి, పక్కవాడితో అన్నాడు. "ఎవడు రాశాడోగాని ఏం రాశాడు! నిన్నటి బోర్డు దీని ముందు దిగదుడుపే." దిగదుడుపు. ఆ మాట అన్నవాడి మొహం నాకు గుర్తులేదు, చక్రం ఊచలో ఇరుక్కున్న ఎర్ర దారపు ముక్క గుర్తుంది. 'కు' దగ్గర నా చూపు ఆగిపోయింది. చీకట్లో, నిచ్చెన కూడా లేకుండా, పట్టుబడతానన్న భయంతో రాస్తూ కూడా వాడు ఆ కొమ్ము చివర బ్రష్షు తిప్పాడు. వెంట్రుకంత సన్నగా. బొట్టు పడలేదు.

ఇన్‌స్పెక్టరు నన్ను కొట్టాడని చెప్పగలిగితే బాగుండేది. కొట్టలేదు. ఫ్యాను కింద కుర్చీ వేయించాడు. బోర్డు ఫొటో పెద్దది చేయించి బల్ల మీద పరిచి, "ఊళ్లో బోర్డులు రాసేవాళ్లందరినీ పిలుస్తున్నాను. ఎవరి చెయ్యో తెలిస్తే చెప్పండి. తెలీదంటే వెళ్లిపోవచ్చు" అన్నాడు. వెళ్లిపోవచ్చు అన్నాడు, నా చెవులతో విన్నాను. తలుపు తెరిచే ఉంది. బయట ఎండలో నా సైకిల్ కనపడుతూనే ఉంది. నేను ఫొటో దగ్గరికి లాక్కుని, వేలితో 'కు' చూపించి, ఇది ఫలానావాడిదండి అన్నాను. "మీకేమవుతాడు?" "మేనల్లుడు." ఇన్‌స్పెక్టరు నా మొహంలోకి కాసేపు చూశాడు. వాడికి కూడా అసహ్యం వేసిందేమో. కాగితం నా ముందుకు తోసి, "మీరే రాసివ్వండి. మా రైటరు రాత కోడి గీకినట్టుంటుంది" అన్నాడు. మంచి కాగితం. మంచి కలం. మార్జిన్ వదిలి, గీతలు లేకపోయినా వరస ఒంగకుండా రాశాను. ఎలా గుర్తుపట్టానో, ఆ కొమ్ము ఎలా ఉంటుందో, ఎన్నేళ్లుగా తెలుసో. అంతా అయ్యాక సంతకానికి ముందు ఇంకో వాక్యం రాశాను. అది రాయమని ఎవరూ అడగలేదు. ఆ వాక్యం జోలికి పోకూడదు. పదకొండేళ్లుగా దాని జోలికి పోలేదు, ఇప్పుడెందుకు. క్రేను కొక్కెం కిందికి దిగుతోంది, మొదటి అక్షరం ఊగుతోంది, దాన్ని చూడాలి.

బోర్డు తీసేసి, మళ్లీ ఎవడి చేతికీ అందకుండా కమాను మీద ఇనప అక్షరాలు పెట్టించారు, అవీ నాచేతే గీయించారు. వాణ్ణి నాలుగేళ్లు లోపలుంచారు. మొదటి వారంలోనే వాడి కుడిచెయ్యి ఇనప బీరువా తలుపుకీ చట్రానికీ మధ్య పెట్టి మూశారు. ఒకసారి కాదు. నాలుగు వేళ్లు, ఒక్కో వేలికీ విడిగా. ఈ సంగతి వాడు బయటికి వచ్చాక వాళ్లమ్మకు చెప్పాడు, వాళ్లమ్మ నాకు చెప్పింది, నా భుజం మీద తల పెట్టి ఏడుస్తూ చెప్పింది. నేను దాని వీపు నిమిరాను. నిమురుతూ ఏమనుకున్నానో ఎవరికీ చెప్పలేదు. ఇక వాడు తిప్పలేడు అనుకున్నాను. అంతే, ఆ ఒక్క మాటే. వాడొచ్చాక నత్త తన దుకాణంలో పనిస్తానన్నాడు, ఎడమచేత్తో నేర్చుకోమన్నాడు. నత్త మంచివాడు. జైలుకు నెలనెలా సబ్బులు, చొక్కాలు పంపింది వాడే, మా చెల్లెలికి జ్వరమొస్తే రిక్షాలో ఎక్కించుకుని ఆసుపత్రికి పరిగెత్తిందీ వాడే. కాని వీడు ఒప్పుకోలేదు. ఇప్పుడు సిమెంటు గోడౌన్లో బస్తాలు దిగుతుంటే ఎడమచేత్తో టిక్కులు పెడతాడు. బోర్డులున్న వీధుల్లో తల దించుకుని నడుస్తాడు.

"మామయ్యా."

ఉలిక్కిపడ్డాను. వాడు వెనక్కి తిరగలేదు. ఎడమచేత్తో జేబులోంచి కాగితం తీసి, భుజం మీంచి వెనక్కి చాపాడు.

"ఒక్క కాగితం నకలు ఇస్తామన్నారు. ఇది తెచ్చుకున్నా. అమ్మకు చదివి వినిపించు."

"నువ్వే వినిపించకపోయావా?"

"నువ్వయితే బాగా చదువుతావు."

మా చెల్లెలు సీట్లో పక్కకు తిరిగి కూర్చుంది, సంచీ ఒళ్లో పెట్టుకుని, రేడియోలో వార్తలు వినేటప్పుడు కూర్చున్నట్టు. దానికి చదువు రాదు. నేను మడతలు విప్పాను. నకలు యంత్రం అంచులు నల్లగా చేసింది, సంతకం ఉన్నచోట నల్ల పట్టీ. మిగతాదంతా ఎంత శుభ్రంగా ఉందో. కళ్లజోడు తుడుచుకున్నాను. చదివాను. ఈ ఫొటోలోని అక్షరాలు నేను పరిశీలించాను, ఇవి ఫలానావాడి చేతివని నిశ్చయంగా చెప్పగలను, కొమ్ము చివరి గీత వల్ల, సున్న వంపు వల్ల. గొంతు నిలకడగానే ఉంది. చివరి వాక్యం దగ్గరకొచ్చి, "అంతే" అని మడత పెట్టబోయాను.

"ఇంకో వాక్యం ఉంది మామయ్యా."

"చిన్నగా ఉంది, కనపడలేదు."

"కనపడుతుంది. నాకు కనపడింది. చదువు."

చంటిపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివాను. "ఇతడు కుడిచేత్తో రాస్తాడు."

 మా చెల్లెలు మెల్లిగా తల దించి కొడుకు ఒడిలోకి చూసింది. నాకు ఇక్కణ్ణుంచి కనపడదు, కాని అక్కడేముందో తెలుసు, వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి ముద్దగా అతుక్కుపోయిన చెయ్యి. అది దాని మీద తన చెయ్యి పెట్టింది. 

"ఎవడు వాడు?" అంది తర్వాత. అడిగింది నన్ను. "నీకు ఊళ్లో అందరి రాతలూ తెలుసు కదన్నయ్యా. ఎవడిదది?"

మేనల్లుడు ఇప్పుడు నా వైపు తిరిగాడు. వాడి కళ్లలో కోపం లేదు. అదే నన్ను ముంచింది. కోపం ఉండి ఉంటే తెలిసిపోయిందని అర్థమయ్యేది, జాగ్రత్తపడేవాణ్ణి. అలసిపోయిన మొహం, అంతే. వాడికి తెలియలేదు, నా సాయం అడుగుతున్నాడు, అనుకున్నాను. ఆ చదును మొహం చూసి నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం కూడా కాదు, హుషారు. ఒకప్పుడు ఆ ఫొటో మీద వేలు పెట్టినప్పటి హుషారే. కాగితం వెలుతురుకు పట్టుకుని, కళ్లు చిట్లించి, అటూ ఇటూ తిప్పి చూశాను.

"చెప్పాలంటే నోరు రావడం లేదు" అన్నాను. "మనవాడే."

"ఎవడు?" అంది మా చెల్లెలు.

"నత్తదిలా ఉంది."

నత్త రాత నా రాతే కదా, నా దగ్గర నేర్చుకున్నదే కదా, ఎవడు చూసినా తేడా తెలియదు, అంతా అరక్షణంలో తట్టింది. సబ్బులు పంపాడు సరే. సబ్బులు ఎవడు పంపుతాడు, తప్పు చేసినవాడే పంపుతాడు, అని కూడా అన్నాను, పైకే అన్నాను. మా చెల్లెలు నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. నా మేనల్లుడు తల ఊపాడు, మెల్లిగా, రెండుసార్లు.

"పట్టించినవాళ్ల మీద ఫిర్యాదు ఇవ్వొచ్చన్నారు. తెల్లకాగితం మీద రాసిస్తే చాలట" అని, వాళ్లమ్మ సంచీలోంచి అట్ట, తెల్లకాగితం, పెన్ను తీసి నాకిచ్చాడు. "నువ్వు రాసిపెట్టు. నా చెయ్యి సంగతి తెలుసు కదా."

"ఇప్పుడెందుకురా, ఇంటికెళ్లి నింపాదిగా..."

"బస్సు ఎలాగూ కదలదు."

అట్ట మోకాళ్ల మీద పెట్టుకున్నాను. నేనేం పిచ్చివాణ్ణి కాను. నా అక్షరంలో రాయకూడదని తెలుసు. కావాలని వంకరగా మొదలుపెట్టాను, సున్నలు నలిపేసి, తలకట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తులో పెట్టి. రెండు ముక్కలు రాశాను. వాడు సీటు మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు, ఒకప్పుడు నిచ్చెన కింద నిలబడి చూసినట్టు. మూడో ముక్క దగ్గర, జాలిగా, నిజంగా జాలిగా అన్నాడు.

"నీ చెయ్యి కూడా పోయిందా మామయ్యా?"

ఊరుకోవాల్సింది. అరవై ఎనిమిదేళ్లు దాటాయిరా, పోదా మరి, అనేసి వంకరగానే రాసి ఇచ్చేయాల్సింది. కాని వాడన్నాడు ఆ మాట. ఎవరన్నా పడేవాణ్ణి, వాడు అంటే ఎలా పడతాను. వేళ్లు చితికినవాడు నన్ను చూసి జాలిపడటమా. కాగితం తిప్పాను, వెనక వైపు కొత్తగా మొదలుపెట్టాను, ఎడమవైపు మార్జిన్ వదిలి. నన్ను పట్టించిన వ్యక్తి ఫలానా, వంతెన అవతలి ఒడ్డున బోర్డుల దుకాణం. సున్న సున్నలా, గుడి గుడిలా. మూడు వరసలు. రాస్తున్నంతసేపూ నాకు నత్త గుర్తులేడు, చెల్లెలు గుర్తులేదు, కాగితం మీద నా అక్షరాలు బారులు తీరి నిలబడుతుంటే ఇంకేమీ గుర్తులేదు. చివర చుక్క పెట్టి వాడికిచ్చాను. చూడు అన్నట్టు ఇచ్చాను.

వాడు అట్ట మీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వాళ్లమ్మ ఒళ్లో పెట్టాడు. "నేను చెబితే నువ్వు నమ్మవమ్మా. అందుకే రాయించాను. చూడు."

"నాకు చదవడం రాదు కదరా."

"చదవొద్దు. ఊరికే చూడు."

అది చూసింది. ముందు ఎడమ కాగితం, తర్వాత కుడిది, మళ్లీ ఎడమది. వేలితో ఒక వరస కింద మెల్లిగా తడుముకుంటూ పోయింది, తర్వాత రెండో కాగితం మీద అలాగే పోయింది. దాని వేలు ఒకచోట ఆగింది. బయట ఇనుము కిందపడ్డ చప్పుడుకు బస్సులో అందరూ లేచి అటు చూశారు. అది తల ఎత్తలేదు.

"ఒకటే చెయ్యి" అంది. "నువ్వు లోపలున్నప్పుడు నాలుగేళ్లు ఈ రాతే పట్టుకుని తిరిగానురా. ప్రతి ఆఫీసుకూ. మీ మామయ్య రాసిపెట్టిన అర్జీలు. సంచీలోంచి తీసి చూపించీ చూపించీ, అక్షరం రాకపోయినా నాకు ఇది గుర్తుపట్టడం వచ్చేసింది."

అవును, రాసిపెట్టాను. ఎన్ని రాశానో. మా అబ్బాయి అమాయకుడు, దయచేసి విడుదల చేయించండి అని, ప్రతిదీ మార్జిన్ వదిలి.

"చెల్లీ, విను" అన్నాను.

అది వినలేదు. కాగితాలు రెండూ కలిపి మడిచి, కొడుకు జేబులో తనే పెట్టింది. క్రేను పక్కకు తప్పుకున్నట్టుంది, ముందు బండ్లు కదిలాయి, కండక్టరు ఎక్కి ఈల ఊదాడు. బస్సు నాలుగు గజాలు పోయిందో లేదో అది లేచి నిలబడి కడ్డీ పట్టుకుంది.

"ఆపు బాబూ. ఈయన దిగుతారు."

"వంతెన మీద స్టాపు లేదమ్మా."

"ఆపు. ఈయన దిగిపోవాలి."

అరవై ఏళ్లుగా అది నన్ను అన్నయ్యా అని తప్ప పిలవలేదు. ఎవరో దారినపోయేవాణ్ణి చూపించినట్టు ఈయన అంది. నా మేనల్లుడి వైపు చూశాను, ఏమైనా అంటాడేమోనని. వాడు కిటికీలోంచి బయటికి, ఖాళీ అయిపోతున్న కమాను వైపు చూస్తున్నాడు. గొడుగు పెద్దాయన నాకు దారి ఇవ్వడానికి కాళ్లు పక్కకు జరుపుకున్నాడు. దిగాను. బస్సు పోయింది. వెనక వచ్చే బండివాడు హారన్ కొట్టి తిట్టాడు, రెయిలింగు దగ్గరికి జరిగాను. నేల మీద నా అక్షరం ఒకటి, నడుము తెగి, వెల్లకిలా పడి ఉంది. టోపీ పెట్టుకున్న కూలీ "దూరం జరుగు ముసలాయనా, ఇంకోటి దిగుతోంది" అని కేకేశాడు. జరిగాను. ఇప్పుడు వాళ్లు నత్త దుకాణానికి వెళతారు, వాడికి అంతా చెబుతారు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, నా గుమ్మం ఎవరూ తొక్కరు. ఇవన్నీ తెలుస్తూనే ఉన్నాయి. కాని నా మనసు వాటి మీద నిలవడం లేదు. ఆ రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నప్పుడు నేనూ చూశాను. ఈరోజు రాసినదాంట్లో రెండో వరసలో చెయ్యి వణికింది, ఒకచోట తలకట్టు విరిగింది. ఆ పాత కాగితంలో ఒక్క గీతా వణకలేదు.